ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా నడక

రాజమండ్రిలో రిటైరైనవాళ్ల పొద్దుటి నడక చాలావరకు పుష్కర ఘాట్, కోటిలింగాల చుట్టుపక్కల గట్టు మీదే సాగుతుంది. నాదీ రోజూ అక్కడే. కానీ వరద తీశాక, ఆశ్వయుజంలో ఎండ కాస్త మెత్తబడగానే, ధవళేశ్వరం వెళ్లి గోదావరి మీది బ్యారేజీ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి వస్తాను. బస్సులో కిటికీలోంచి చూస్తే అదో పొడుగాటి వంతెన, అంతే. ఉద్యోగమంతా కాలువల మీదా ఏటిగట్ల మీదా గడిచింది కనుక నా మాట ఒకటే: నదిని, గట్టును కాలినడకనే చూడాలి. జీపులోంచి చూసినవాడికి గట్టు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఆరేడు కిలోమీటర్లు. ఆటోలు, బస్సులు తెల్లవారుజాము నుంచే దొరుకుతాయి. ఆరింటికల్లా బ్యారేజీ మొదట్లో ఉండాలి. నీటి మీదే మూడున్నర కిలోమీటర్ల నడక. మధ్యలో లంకల మీద నడిచేది కలుపుకుంటే ఇంకా ఎక్కువ. నీటి మీద ఉన్నంతసేపూ నీడ ఉండదు. తొమ్మిది దాటితే కాంక్రీటు వేడి కాళ్లకు తెలుస్తుంది. లీటరు నీళ్లు, టోపీ, మడమ పట్టి ఉండే బూట్లు చాలు. చెప్పులతో వద్దు, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక రోడ్డు అంచున పేరుకుని కాలు జారుతుంది. రోడ్డు సన్నం, బళ్లు ఎక్కువ. ఎదురుగా వచ్చే బండి కనపడేలా కుడివైపు అంచునే నడవాలి. పెద్ద వరదల్లో రాకపోకలు ఆపేస్తారు కనుక ఆ రోజుల్లో బయల్దేరవద్దు.

ఎక్కే ముందు ధవళేశ్వరం కొండ వైపు ఓసారి చూడండి. 1847లో కాటన్ దొర ఆధ్వర్యంలో మొదలై 1852 నాటికి పూర్తయిన పాత ఆనకట్టకు రాయి ఆ కొండదే. పట్టాలు వేసి ఏటి దాకా తరలించారు. మన దేశంలో ప్రయాణికుల రైలు ఇంకా మొదలుకాని రోజులవి. ఈ చోటే ఎందుకంటే, నది ఇక్కడ బాగా వెడల్పై, మధ్యలో లంకలు వచ్చి నాలుగు పాయలైంది. వెడల్పు ఎక్కువైతే లోతు తక్కువ, వడి తక్కువ. ఒక్కో పాయనూ విడివిడిగా కట్టుకోవచ్చు. అడుగున రాయి తగలదు, అంతా ఇసుకే. పునాదిగా ఇసుకలో బావులు దింపి, వాటి మీద కట్టడం లేపి, దిగువన బండరాళ్లు పరిచారు. ఆ పనితనం నూరేళ్లకు పైగా నిలిచింది. 1970ల్లో మొదలుపెట్టి 1982 నాటికి పూర్తి చేసిన బ్యారేజీ దాని స్థానంలో వచ్చింది. ఆ సంగతులు తీరిగ్గా తెలుసుకోవాలంటే దగ్గర్లోనే కాటన్ మ్యూజియం ఉంది. నడకకు ముందు కాదు, ఇంకో రోజు పెట్టుకోండి, గంటన్నర పడుతుంది.

నాలుగు పాయల మీద నాలుగు భాగాలు: ధవళేశ్వరం 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175. ఒక్కో గేటు 60 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు. ధవళేశ్వరం భాగమే పెద్దది కనుక మొదటి అరగంట దాని మీదే పోతుంది. తొందరపడవద్దు, చూడవలసింది ఇక్కడే ఎక్కువ.

వరద తీసి గేట్లు దించాక వాటి ఆరోగ్యం తెలుస్తుంది. ఏదైనా ఒక ఖానా (రెండు స్తంభాల మధ్య గేటుండే ఖాళీ) దగ్గర ఆగి దిగువకు చూడండి. గేటుకు రెండు పక్కలా, అడుగునా రబ్బరు సీళ్లుంటాయి. బాగున్న గేటు దగ్గర పియర్ (స్తంభం) గోడ తడిగా ఉంటుంది, అంతే. సీలు చిరిగిన చోట గోడ వెంబడి నీరు పలచటి రేకులా చిమ్ముతుంది. ఆ చప్పుడు పక్క ఖానా దాకా వినిపిస్తుంది. అడుగునుంచి చిమ్ముతుంటే సీలు పోయిందనుకోనక్కర్లేదు. చాలాసార్లు వరదలో కొట్టుకొచ్చిన దుంగో, రాయో కింద ఇరుక్కుని గేటు పూర్తిగా కూర్చోదు. అప్పుడు గేటును కొంచెం ఎత్తి, ఆ నీటి వడికే చెత్త కొట్టుకుపోయేలా చేసి, మళ్లీ దించుతారు. పైన గేటును ఎత్తే ఇనుప తాళ్లు నల్లగా గ్రీజు పట్టి మెరుస్తుంటే వాటి పని జరిగినట్టు. తాడు ఎర్రబారి, పోగులు ముళ్లలా లేచి కనిపిస్తే ఆ ఏడాది సంరక్షణ జరగలేదన్నమాట. తాడు ఒకవైపు సాగినా గేటు వంకరగా లేచి గాడిలో పట్టేస్తుంది. వరద మీద ఉన్నప్పుడు అలా పట్టేసిన గేటును విడిపించడం కంటే కష్టమైన పని ఈ బ్యారేజీ మీద ఇంకోటి లేదు.

గేట్లను ఒక వరసలో టపటపా ఎత్తరు. ఒకచోటే ఎక్కువ ఎత్తితే నీటి వడి అంతా అక్కడికే చేరి, దిగువన పరిచిన రాయిని లేపేసి ఇసుకను తవ్వేస్తుంది. గుంట పడిందంటే పునాదికే ముప్పు. అందుకే కొద్దికొద్దిగా, భాగమంతా సమంగా పంచి ఎత్తుకుంటూ పోతారు. దించేటప్పుడూ అంతే.

పేపర్లో 'ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక' అని చదివి, గేట్లు మూసి వరద ఆపవచ్చు కదా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లెక్క చూద్దాం. ఈ బ్యారేజీ వెనక నిలిచే నీరు మూడు టీఎంసీల లోపు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. అప్పటికి నదిలో 10 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు 10 లక్షల ఘనపుటడుగులు, పారుతుంటాయి. గంటకు 3.6 టీఎంసీలు. గేట్లన్నీ మూసినా గంటలోపే నిండి పొర్లుతుంది. ఇది నీటిని మళ్లించే కట్టడమేగానీ నిలవచేసే డ్యామ్ కాదు. అందుకే వరదలో 175 గేట్లూ నీటికి అందకుండా ఎత్తేసి, వచ్చినదంతా సముద్రానికి వదిలేస్తారు. 13.75 అడుగులు, 13 లక్షలు దాటితే రెండో హెచ్చరిక, 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది.

ఈ అంకెలు చూసినప్పుడల్లా 1986 ఆగస్టు గుర్తుకొస్తుంది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. సెల్‌ఫోన్లు లేవు. ఎగువ నుంచి వైర్‌లెస్ మీద గంట గంటకూ గేజీ (నీటిమట్టం) వచ్చేది. భద్రాచలంలో నీరు ఎంత ఎక్కితే, దాదాపు ఒక రోజుకు ఇక్కడ ఎంత వస్తుందో పాత లస్కర్లు (గేట్లు, కాలువలు చూసుకునే సిబ్బంది) కాగితం పెన్సిలు లేకుండా చెప్పేవాళ్లు. 2022 జులైలో భద్రాచలం 71.3 అడుగులు దాటి, ఇక్కడికి 25 లక్షలకు పైగా వచ్చినప్పుడు ఆ అంకెలు అందరి ఫోన్లలోకీ నిమిషాల్లో చేరాయి. సమాచారం పెరిగింది, చాలా మంచి మార్పు. గట్టు మీద నడిచే మనుషులు మాత్రం తగ్గారు. అది నాకు దిగులుగానే ఉంది.

పిచ్చుకలంక దాటి ర్యాలి భాగం ఎక్కి బొబ్బర్లంకలో దిగితే కోనసీమ మొదలు. టీ దుకాణాలు ఇక్కడ ఉంటాయి; ఇడ్లీ కూడా దొరుకుతుంది. కాళ్లు చాచుకోవడానికి సరైన చోటు. మధ్య డెల్టా కాలువ ఇక్కడే బయల్దేరుతుంది. కాలువలోకి నీరు వదిలే హెడ్ స్లూయిజు, పక్కనే లాకులు. కాలువల మీద లాంచీలు, ధాన్యం పడవలు నడిచిన రోజుల్లో లాకుల దగ్గర ఎప్పుడూ సందడే. గాలి లేనప్పుడు ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవారు. ధవళేశ్వరంలో ఎక్కిన సరుకు కాకినాడ చేరేది. పశ్చిమ కాలువల మీదుగా బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా వెళ్లే దారీ ఉండేది.

లాకు పనిచేసే తీరు పిల్లలకు ఇక్కడే నిలబెట్టి చెప్పవచ్చు. రెండు జతల తలుపులు, మధ్యలో తొట్టి. ఎగువ నుంచి పడవ రావాలంటే ముందు దిగువ తలుపులు మూసి, ఎగువ షట్టర్లు తిప్పి తొట్టిని నింపుతారు. రెండువైపులా నీరు సమమైతేనే ఎగువ తలుపులు తెరుచుకుంటాయి. అంగుళం తేడా ఉన్నా మనిషి బలానికి కదలవు. పడవ లోపలికి వచ్చాక ఆ తలుపులు మూసి, దిగువ షట్టర్లు తీసి నీరు దించుతారు. తలుపులు మూసినప్పుడు రెండు రెక్కలూ ఎగువకు మొనదేలి కలుసుకుంటాయి. నీరు ఎంత తోస్తే అంత బిగుసుకుంటాయి. చెక్క కుళ్లినా, అడుగున చెత్త చేరినా ఆ బిగువు పోతుంది.

బొబ్బర్లంక నుంచి ఏటిగట్టు దిగువకు సాగుతుంది. ఓపిక ఉంటే ఒక కిలోమీటరు దాని మీద నడవండి. వరద తీశాక గట్టును ఎలా చూడాలో చెబుతాను. నీటివైపు వాలు మీద చెత్త ఆగిన గీతే వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పే గుర్తు. గట్టు పైన పొడుగునా పగులు ఉంటే నీటివైపు మట్టి జారడానికి సిద్ధంగా ఉన్నట్టు. వరద పెరుగుతున్నప్పటికన్నా తీసేటప్పుడే ఇది ఎక్కువ, తడిసి బరువెక్కిన మట్టికి ఎదురు ఆనిక పోతుంది గనక. పందికొక్కుల బొరియలు, పశువులు దిగే దారులు, నరికేసిన చెట్ల మొదళ్లు చూసుకోవాలి. చెట్టు పోయాక వేరు కుళ్లి గట్టు లోపల గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. పైన పచ్చగా గడ్డి ఉంటుంది, ఏమీ తెలియదు.

బుంగ, అంటే గట్టు లోంచి నీరు దారి చేసుకునే రంధ్రం, పడేది అలాంటి చోటే. వరదలో గట్టుకు ఊరివైపు అడుగున నీరు ఊరడం మామూలే. తేటగా ఊరుతుంటే కనిపెట్టి ఉంటే చాలు. మట్టి కలిసి బురదగా వస్తే లోపల గట్టు కరుగుతోందన్నమాట. అప్పుడు చాలామంది చేసే పని దాని నోట్లో బంకమట్టి కుక్కడం. అది చేయకూడదు, నీరు పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటుంది. బుంగ చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్ట కట్టి, అందులో నీరు నిలవనివ్వాలి. లోపల ఎత్తు పెరిగేకొద్దీ ఊట వడి తగ్గుతుంది. నోటి మీద ముతక ఇసుక, దాని మీద కంకర పోస్తే నీరు వస్తుంది, మట్టి రాదు. ఊట తేటబడితే గట్టు నిలిచినట్టే. వీలైతే ఏటివైపు నోరు కూడా వెతికి మూస్తారు. దీనికి కావలసినవన్నీ, అంటే ఖాళీ గోనెలు, ఇసుక, సరుగుడు బాదులు, వరిగడ్డి, దీపాలు, జులై రాకముందే గట్టు మీద ఉండాలి. బుంగ పడ్డాక లారీ బయల్దేరితే గండి పడ్డాక చేరుతుంది.

తిరిగి బ్యారేజీ ఎక్కితే మద్దూరు భాగం పది నిమిషాల పని. దాని తర్వాత మద్దూరులంక, ఆపైన విజ్జేశ్వరం భాగం. మొదటి రెండు భాగాల కింద నీరు గౌతమి పాయలోకి, ఈ రెండింటి కింద నీరు వశిష్ఠ పాయలోకి పోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు దిగినన్నాళ్లూ సముద్రం నుంచి పులస ఎదురీదుకుంటూ బ్యారేజీ దిగువ వరకు వస్తుంది. కట్టడం దాటి పైకి పోలేదు. ఆశ్వయుజానికి ఆ సందడి సర్దుకుని, వలలు ఎండకు ఆరేసి కనిపిస్తాయి.

విజ్జేశ్వరంలో పశ్చిమ డెల్టా కాలువ తల. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటిలోకీ ఎక్కువ నీరు తీసుకునేది ఇదే. మూడూ కలిపి తడిపేది దాదాపు పది లక్షల ఎకరాలు. సార్వాకు (వానాకాలం పంటకు) నదిలో నీటికి కొదవ ఉండదు, ఇబ్బందంతా దాళ్వాకే (రెండో పంటకే). అప్పుడు సీలేరు నుంచి విద్యుత్ కేంద్రాలు వదిలే నీరు శబరి మీదుగా దిగివస్తేనే చివరి చేలకు అందుతుంది. చాలనప్పుడు వంతులు పెడతారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వస్తే తూములు, లాకుల అడుగు భాగాలు, గుర్రపుడెక్క పట్టిన మలుపులు బయటపడి కనిపిస్తాయి. మరమ్మతు పనులకు ఉన్న గడువు ఆ కొద్ది వారాలే. అందులో సగం టెండర్లకే పోవడం రైతుకు చేసే అన్యాయం.

తిరుగు ప్రయాణానికి విజ్జేశ్వరం నుంచి కొవ్వూరుకో నిడదవోలుకో ఆటోలు దొరుకుతాయి. రెండుచోట్లా రాజమండ్రి వైపు రైళ్లు ఆగుతాయి, వాటిలో కొవ్వూరే దగ్గర. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బొబ్బర్లంక దాకా నడిచి, మిగతా సగం ఇంకో రోజుకు పెట్టుకోవచ్చు. వీలైతే వెంట ఒక పాత లస్కరును తీసుకెళ్లండి. ధవళేశ్వరం, బొబ్బర్లంక టీ దుకాణాల్లో అడిగితే ఎవరో ఒకరు దొరుకుతారు.