ఇచ్ఛాపురంలో విన్న కరెంటు మాట

విశాఖలో పొద్దున్నే ఎక్కిన రైలు పలాస దాటింది. కిటికీ అవతల ఉద్దానం కొబ్బరి తోటలు, జీడిమామిడి, మధ్యమధ్యలో మోటారు షెడ్లు. మాది అనంతపురం జిల్లా. మోటారు షెడ్డు కనిపిస్తే చాలు, నా చూపు అక్కడే ఆగిపోతుంది.

ఇచ్ఛాపురం చూడాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖర రెడ్డి చేవెళ్లలో మొదలుపెట్టిన పాదయాత్ర జూన్ 15న ఇక్కడే ముగిసింది. దాదాపు 1,475 కిలోమీటర్లు, నడి ఎండాకాలంలో. తర్వాత ఆయన కూతురి పాదయాత్ర 2013లో, కొడుకు పాదయాత్ర 2019లో ముగిసింది కూడా ఈ ఊళ్లోనే. నన్ను రప్పించింది మాత్రం ఆ మొదటి నడక.

ఒడియా, తెలుగు కలిసి వినిపించే బజారు దాటి ఆటోలో ఆ నడక గుర్తుగా కట్టిన స్తూపం దగ్గరికి వెళ్లాను. కాసేపు చూసి పక్కనున్న టీ బడ్డీలో కూర్చున్నాను. డెబ్బై దాటిన రైతు ఒకాయన పలకరించాడు.

"ఏ ఊరు బాబూ?"

చెప్పాను. రాజశేఖర రెడ్డి నడక ముగిసిన రోజు మీరు ఇక్కడే ఉన్నారా తాతా అని అడిగాను.

"ఎల్లినాం బాబూ. జనంలో సగం మాటలు ఇనబడనేదు. కరెంటు మాట మాత్రం ఇనబడింది."

ఆ ఒక్క మాటతో మా చేను కళ్ల ముందుకొచ్చింది. అవి వరుస కరువు ఏళ్లు. కరెంటు అర్ధరాత్రి వచ్చేది. మా నాయన టార్చిలైటు పట్టుకుని పాములున్న గట్ల మీద నడిచి వెళ్లి స్టార్టర్ నొక్కేవాడు. లో వోల్టేజీకి మోటారు రెండుసార్లు కాలింది. వైండింగ్‌కు అప్పు, పైగా కరెంటు బిల్లు బకాయి. 2000 ఆగస్టులో చార్జీల పెంపు మీద హైదరాబాదులో ఆందోళన జరిగితే బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అలాంటి రోజుల్లో రైతులకు ఉచిత కరెంటు ఇస్తామని ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ చెప్పింది. ఆ మాట కాగితం మీదే ఉంటే మా నాయన నమ్మేవాడు కాడు. మండుటెండలో కాళ్లు బొబ్బలెక్కినా నడుస్తున్న మనిషి చెప్పాడు కాబట్టి నమ్మాడు.

అదే సమయంలో ఢిల్లీలోని బీజేపీ ప్రభుత్వం నుంచి వచ్చిన ప్రచారం ఇండియా షైనింగ్, అంటే దేశం వెలిగిపోతోందని. ఆ ప్రకటనలు టీవీలో మేమూ చూశాం. కరెంటు ఉన్నప్పుడు.

1999లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ సీట్లలో తెలుగుదేశం 29, బీజేపీ 7, కలిపి 36 గెలిచాయి. 2004లో సరిగ్గా అన్నే సీట్లు, 36, అవతలి కూటమి గెలిచింది: కాంగ్రెస్ 29, టీఆర్ఎస్ 5, సీపీఐ 1, సీపీఎం 1. దేశమంతా లెక్కేస్తే కాంగ్రెస్‌కు 145, బీజేపీకి 138. తేడా 7. ఢిల్లీలో ప్రభుత్వం మారడంలో తమిళనాడులో 39కి 39 కాంగ్రెస్ ఉన్న డీఎంకే కూటమికి పోవడం కూడా పెద్ద భాగమే.

నడక ఒక్కటే గెలిపించిందని నేను అనను. తెలంగాణ ఆశతో టీఆర్ఎస్, పక్కన వామపక్షాలు కలవకపోతే ఓట్లు చీలేవి. కానీ పొత్తు ఓట్లు చీలకుండా ఆపగలదు, అంతే. మా నాయన లాంటి మనిషి మనసు మార్చింది ఆ కరెంటు మాటే. 2004 మే 14న రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం నిద్రపోలేదు.

ఇదంతా చెబితే తాత నెమ్మదిగా తలూపాడు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

తిరుగు రైల్లో సోంపేట దాటాక నాయనకు ఫోన్ చేశాను. ఎక్కడున్నావని అడిగాను.

"ఇంట్లోనే. కరెంటు పగలే వచ్చింది. నీళ్లు కట్టేసి వచ్చి ఇప్పుడే అన్నానికి కూర్చున్నా" అన్నాడు.