పరాయి దేశంలో నీళ్లు, తిండి: అమ్మతో నా అనుభవం

అమ్మ చాలా ఏళ్లుగా గ్యాస్ మాత్ర వేసుకుంటోంది. విదేశీ ప్రయాణం ఖాయమయ్యాక డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మొదట ఆరా తీసింది దాని గురించే. కడుపులో ఊరే ఆమ్లం, తిండితో పాటు లోపలికి పోయే క్రిముల్లో చాలావాటిని అక్కడికక్కడే చంపేస్తుంది. ఒమెప్రజోల్ లాంటి మాత్రలు ఆ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. అందుకే అవి వాడేవాళ్లకు ప్రయాణాల్లో విరేచనాలు పట్టుకునే అవకాశం ఎక్కువట. "మాత్ర మానేయకండమ్మా. తినేదాని మీద, తాగేదాని మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి" అన్నారు. టైఫాయిడ్ ఇంజెక్షన్ బయల్దేరడానికి కనీసం 2 వారాల ముందే చేయించుకోమన్నారు. హెపటైటిస్-ఎ టీకా కూడా రాశారు. టైఫాయిడ్ టీకా పూర్తి రక్షణ ఇవ్వదనీ, వేయించుకున్నా జాగ్రత్త తప్పదనీ గట్టిగా చెప్పారు.

బయటికి రాగానే అమ్మ తేల్చేసింది. "అయితే నేను అక్కడ ఏమీ తిననే. బిస్కెట్లూ పండ్లతో గడిపేస్తా."

నాకు మనసొప్పలేదు. అంత దూరం వెళ్లి అక్కడివాళ్ల వంట రుచి చూడకుండా రావడమేంటి? భయపడి నోరు కట్టుకోవడం కాకుండా, ఏది ఎందుకు ప్రమాదమో తెలుసుకుని తినాలనుకున్నా. ప్రయాణికుల విరేచనాలకు ఎక్కువగా కారణం బ్యాక్టీరియా, అందులోనూ ఒక రకం ఇ.కోలై. ఇది మలంతో కలుషితమైన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తుంది. అంటే నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, తిండి ఎంత వేడిగా ఉంది, వండి ఎంతసేపయింది అన్నవే అసలు ప్రశ్నలు.

మేం దిగిన మొదటి దేశంలో కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. అయినా గది ఇచ్చినాయన్ని ఒక మాట అడిగా, నీళ్లు నేరుగా సరఫరా పైపు నుంచి వస్తున్నాయా, మిద్దె మీద ట్యాంకు నుంచా అని. ఊరి సరఫరా ఎంత బాగున్నా, కడగని ట్యాంకూ పాత పైపులూ ఆ మంచినీళ్లను పాడు చేయగలవు. నేరుగానే వస్తున్నాయన్నారు. పొద్దున్నే కాసేపు కుళాయి వదిలేసి, చన్నీళ్ల వైపు నుంచి మాత్రమే పట్టుకున్నాం. టీకైనా సరే వేడినీళ్ల కుళాయి జోలికి పోలేదు. పాత పైపుల్లో సీసం ఉంటే అది వేడినీళ్లలోకి ఎక్కువగా దిగుతుంది, కాచినా పోదు. అక్కడ ఇంతకంటే ఆలోచించాల్సింది ఏమీ లేదు.

రెండో దేశంలో అలా కాదు. కుళాయి నీళ్లు తాగొద్దని గదిలోనే బోర్డు పెట్టారు. ఉన్నది ఒక ఎలక్ట్రిక్ కెటిల్. మరగడం మొదలైతే చాలు, దించి చల్లారనివ్వండి అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మాత్రం కుతకుతలాడుతూ ఒక నిమిషం మరగాలంటుంది. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉంటే 3 నిమిషాలు. ఎందుకంటే ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. అమ్మ కోసం నేను పెద్ద లెక్కే పట్టుకున్నా. ఆ కెటిల్ మరుగు రాగానే టక్కున ఆగిపోయేది. మూత తెరిచి ఉంచితే ఆవిరి స్విచ్ దాకా పోక, నీళ్లు మరుగుతూనే ఉండేవి. సగానికే నింపి, దగ్గర నిలబడి, నిమిషం చూసి నేనే ఆపేదాన్ని. రాత్రి పడుకునే ముందు ఇదే పని. కాచి చల్లార్చిన నీళ్లు స్టీలు బాటిళ్లలో పోసి పెట్టుకుంటే మర్నాటికి సరిపోయేవి.

ఫిల్టర్ బాటిల్ కొందామా అని ముందు ఆలోచించా. 0.1 మైక్రాన్ రంధ్రాలున్న ఫిల్టర్ బ్యాక్టీరియాను, జియార్డియా లాంటి పరాన్నజీవులను ఆపుతుంది. వైరస్‌లు అంతకంటే చిన్నవి, జారిపోతాయి. క్లోరిన్ బిళ్లలు వేసి అరగంట ఆగితే బ్యాక్టీరియా, వైరస్‌లు చస్తాయి గానీ క్రిప్టోస్పొరిడియం అనే పరాన్నజీవి చావదు. ఈ పద్ధతుల్లో బ్యాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవులు మూడింటినీ చంపేది మరిగించడమే. కెటిల్ అందుబాటులో ఉండగా ఇంకోటి ఎందుకనిపించింది. బిళ్లలు మాత్రం కరెంటు పోతే పనికొస్తాయని సంచీలో వేసుకున్నా.

తాగే నీళ్ల కంటే పళ్లు తోముకునే నీళ్లే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టాయి. నిద్రమత్తులో చెయ్యి దానంతటదే కుళాయి మీదికి పోతుంది. అందుకని బాత్రూం కుళాయి పిడికి ఎర్ర రుమాలు కట్టి, పక్కనే బాటిల్ పెట్టా. అమ్మ రుమాలు చూడగానే చెయ్యి వెనక్కి తీసుకునేది. బయట బాటిల్ కొంటే మూత తిప్పినప్పుడు రింగు తెగిన చప్పుడు వినిపించాలి. గ్యాస్ ఉన్న నీళ్లైతే బుస్సుమనడమే సీలుకు సాక్ష్యం. ఐసు పూర్తిగా మానేశాం. గడ్డకట్టిస్తే క్రిములన్నీ చావవు, చాలావరకు నిద్రపోతాయంతే.

ఇక తిండి. పెద్ద హోటల్ బఫే శుభ్రంగా కనిపిస్తుంది, వీధి బండి అలా కనిపించదు. కానీ చూడాల్సింది అది కాదు. బఫేలో గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న గిన్నె కంటే, మన కళ్ల ముందే సలసల కాగే నూనెలోంచి తీసి పెట్టేది చాలా నయం. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య క్రిములు జోరుగా పెరుగుతాయి. కాబట్టి పొగలు కక్కుతూ ఉండాలి, లేదా బాగా చల్లగా ఉండాలి. అన్నం విషయంలో మరీ జాగ్రత్తపడ్డా. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు. అన్నం బయట నిలవుంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే చాలాసేపటి కింద వండిన అన్నాన్ని కొత్తగా వేయించి ఇచ్చినా నేను వద్దనే అంటా.

మేం జనం బాగా ఉన్న బండి దగ్గరే ఆగేవాళ్లం. రద్దీ ఉంటే సరుకు నిలవుండదు. ఒక చోట ఒకావిడ కాలే పెనం మీంచి తీసి నేరుగా ప్లేటులో వేసింది. ప్లేటు తడిగా ఉండడం చూసి అమ్మ, "కాగితంలో పెట్టమనవే" అంది. చెప్పకుండానే అమ్మకు లెక్క పట్టుబడిందని చాలా సంతోషమేసింది. కడుపునిండా తింది. పచ్చి సలాడ్లు, కోసి పెట్టిన పండ్లు ముట్టలేదు. మేమే తొక్క తీసుకునే పండ్లు కొనుక్కున్నాం, అవీ ముందు చేతులు సబ్బుతో కడుక్కునే. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ శానిటైజర్‌కు సరిగా లొంగదు.

ఇంత చూసుకున్నా ఒక రాత్రి అమ్మకు విరేచనాలు మొదలయ్యాయి. ఎక్కడ తగిలిందో తెలియదు. వయసు మీద పడినవాళ్లకు అసలు ప్రమాదం ఒంట్లో నీరు పోవడమే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం కలిపి, గుక్క గుక్కగా తాగించా. కప్పులో చిటికెడు చిటికెడు కలిపితే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ దొరకనివాళ్లు లీటరు మంచినీళ్లలో 6 చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలుపుకోవచ్చు. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర మా దగ్గర ఉంది, వాడలేదు. రక్తం పడుతున్నా, జ్వరం బాగా ఉన్నా అది వేయకూడదు. అమ్మకు ఆ రెండూ లేవు గానీ, రాత్రంతా నుదురు తాకి చూస్తూ, మూత్రం వస్తోందా అని అడుగుతూనే ఉన్నా. "పడుకోవే, బాగానే ఉన్నా" అంటూనే గ్లాసు అందుకునేది. తెల్లారేసరికి తెరిపిన పడింది. మధ్యాహ్నం వేడివేడిగా ఇంత తింటానంది. తగ్గకపోయి ఉంటే, రక్తమో జ్వరమో కనిపించి ఉంటే, నేరుగా ఆసుపత్రికి వెళ్దామని అడ్రసు రాసి పెట్టుకున్నా.

ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు గమనించుకున్నాం. జియార్డియా లాంటివి లోపలికి పోయిన వారం, రెండు వారాలకు గానీ బయటపడవు. విరేచనాలు వదలకుండా ఉన్నా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు ముందు ఏ దేశానికి వెళ్లొచ్చారో చెప్పండి. ఏ పరీక్షలు రాయాలో ఆయన దాన్ని బట్టే నిర్ణయిస్తారు.