పెట్రోలు కోసం లక్సెంబర్గ్‌కి

ట్రియర్ నుంచి మోజెల్ నది వెంట కాసేపు వెళ్తే జర్మనీ అయిపోతుంది. జావర్ నది మీది వంతెన దాటితే లక్సెంబర్గ్‌లోని వాసర్‌బిల్లిగ్. చిన్న ఊరే, కానీ రోడ్డు పొడుగునా పెట్రోలు బంకులు. శనివారం కావడంతో వాటి ముందు జర్మన్ నంబరు ప్లేట్ల క్యూ. అక్కావాళ్ల కారూ అందులో చేరింది.

"ఏ బంకులో చవక బావగారూ?" అంటే నవ్వారు. ఇక్కడ గరిష్ఠ ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి ఎక్కడైనా దాదాపు ఒకటే రేటట.

తేడా అంతా పన్నులోనే ఉంది. లీటరు పెట్రోలు మీద కనీసం 35.9 సెంట్లు వేయాలన్నది యూరోపియన్ యూనియన్ నియమం. ఆపైన ఎంతన్నది ఆయా దేశాల ఇష్టం. జర్మనీ 65.45 సెంట్లు వేస్తోంది. అందులో 15.34 సెంట్లు 1999 నుంచి 2003 దాకా ఏటా కొంచెం చొప్పున పెంచినవే. పెంచింది పర్యావరణం పేరుతో. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం మాత్రం పెన్షన్ నిధికి వెళ్లింది, జీతాల్లోంచి కోసే పెన్షన్ వాటా తగ్గించడానికి.

లక్సెంబర్గ్ లెక్క వేరు. జనాభా ఏడు లక్షలైనా లేదు. పన్ను తగ్గిస్తే సొంత జనం దగ్గర పోయేది కొంచెమే, చుట్టూ ఉన్న జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం కార్లూ దూరప్రయాణపు లారీలూ తెచ్చిపెట్టేది బోలెడు. అదే పని జర్మనీ చేస్తే ఖజానాకి చిల్లే. కొడికొండ చెక్‌పోస్టు దాటాక కర్ణాటకలోని బాగేపల్లిలో ట్యాంకు నింపుకునే మనవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ వ్యాపారంలో ఒక తిరకాసుంది. పెట్రోలు ఎక్కడ అమ్మితే, దాని పొగ ఆ దేశం ఖాతాలోనే పడుతుంది. దాంతో తలసరి ఉద్గారాల్లో లక్సెంబర్గ్ యూరప్‌లో ముందు వరసలో నిలిచింది. చివరికి 2021లో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి 20 యూరోలతో కార్బన్ పన్ను మొదలుపెట్టి, ఏటా 5 యూరోలు పెంచుతూ వచ్చింది. అయినా జర్మనీ కంటే చవకే. 2020లో బస్సులూ రైళ్లూ అందరికీ ఉచితం చేసిందీ ఈ దేశమే! నాకైతే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే అనిపించింది.

బంకు షాపులో కాఫీ ప్యాకెట్లు గుట్టలుగా పేర్చి ఉన్నాయి. జర్మనీలో వేయించిన కాఫీ మీద కూడా కిలోకి 2.19 యూరోల పన్ను. అక్క ఇచ్చిన లిస్టులో మొదటిది అదే. కొలోన్‌లో ఉండే బావగారి స్నేహితుడికి మాత్రం ఇక్కడిదాకా రావడం గిట్టదట, మిగిలేదంతా దారిలోనే కాలిపోతుంది. అందుకే ట్రియర్ వచ్చే ముందు ఆయన ఫోన్ చేసి, తనకీ నాలుగు కాఫీ ప్యాకెట్లు తెచ్చిపెట్టమంటాడు.