కాన్పు కాగితం

ఆదివారం కదా అని పొద్దున టిఫిన్లు కాగానే నేనూ మా ఆయనా కూర్చుని బర్త్ ప్లాన్ రాసుకున్నాం, అంటే కాన్పు ఎక్కడ, ఎలా జరగాలో ముందే రాసిపెట్టుకునే కాగితం. ఎనిమిదో నెల నుంచీ అనుకుంటున్నదే. శ్రీమంతం, చుట్టాలు, సెలవు కాగితాలు అంటూ వాయిదా పడుతూ వచ్చింది. తొమ్మిదో నెల పడ్డాక మాత్రం మనసు ఒక్కచోట నిలవడం లేదు. రాత్రి పక్క మీద వాలితే చాలు, నొప్పులు అర్ధరాత్రి మొదలైతే బండి ఎవరిది, రక్తం కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, లోపల నా పక్కన ఎవరుంటారు అని ఒకటే టెన్షన్. నొప్పులు పడుతున్నప్పుడు ఇవన్నీ చెప్పే ఓపిక నాకుండదు. చెప్పాల్సింది ఇప్పుడే చెప్పాలి.

ముందు ఎక్కడ అన్నది తేల్చాం. తొలి కాన్పు పుట్టింట్లో అనేది మా ఇళ్లలో వేరే అడగక్కర్లేని సంగతి. కానీ అమ్మవాళ్ల ఊరు కొండమల్లేపల్లి దాటి చాలా లోపలికి. అక్కడి నుంచి నల్లగొండ చేరాలంటే పగలు కార్లో వచ్చినా గంటన్నరకు తక్కువ పట్టదు. పైగా నాది బి నెగెటివ్, ఆయనది పాజిటివ్. నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పడితే, బిడ్డ రక్తం కాస్త తల్లిలో కలిసినా తల్లి ఒంట్లో ఆ రక్తాన్ని దెబ్బతీసే విరుగుడు తయారుకావచ్చు. తొలి బిడ్డకు మామూలుగా ఏమీ కాదు, తర్వాత వచ్చే బిడ్డకే ముప్పు. అందుకే ఆ విరుగుడు తయారవకుండా 28 వారాలకు యాంటీ-డి ఇంజెక్షన్ వేశారు. పుట్టాక బిడ్డ గ్రూపు చూసి, పాజిటివ్ అయితే 72 గంటల్లోపు నాకు మళ్లీ వేయాలి. ఈ ఒక్క ముక్క ఆయనతో ఎర్ర పెన్నుతో రాయించాను. డ్యూటీ మారి కొత్తవాళ్లు వచ్చినా కంటబడాలి. నెగెటివ్ రక్తం వెతుక్కోవడం కూడా అంత తేలిక కాదు. నా తమ్ముడిదీ బి నెగెటివే. వాడి నంబరూ, రక్తం ఇస్తామన్న వాడి ఫ్రెండ్స్ నంబర్లూ కాగితం వెనకాల ఉన్నాయి.

కాబట్టి కాన్పు నల్లగొండలోనే. ఇరవై ఒకటో రోజు అయ్యాక అమ్మవాళ్లింటికి. ఈ మాట అమ్మకు ఎలా చెప్పాలా అని వారమంతా మథనపడ్డాను. నిన్న సాయంత్రం బస్సులో దిగింది, ఒక సంచిలో బత్తాయిలు, ఇంకో సంచిలో ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీరలు మోసుకుంటూ. పత్తి రెండో ఏరుడు నడుస్తోంది, కూలీలు దొరకడం లేదు, అయినా వచ్చింది. విషయం చెబితే కాసేపు నేల చూపులు చూసి, "నేనే వచ్చుంట బిడ్డా. పత్తి యాడికి పోదు, నాయన సూసుకుంటడు" అంది. ఊళ్లో నలుగురూ ఏమంటారోనన్న బాధ ఆమెకు లేకపోలేదు. అది నాకు తెలుసు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

లోపల నా పక్కన ఎవరుండాలి అన్న దగ్గర చాలాసేపు ఆగిపోయాం. మా ఆయన ఉండాలని నాకు ఆశ. ఆయనా ఉంటానన్నాడు. కానీ మేం చూపించుకునే ఆస్పత్రిలో లేబర్ రూంలో మిగతా ఆడవాళ్లు కూడా ఉంటారు, మధ్యలో ఒక్క పరదా. మగవాళ్లను రానివ్వడం కుదరదు, కన్న అనుభవం ఉన్న ఆడమనిషి ఒకరు ఉండొచ్చు అన్నారు డాక్టర్ మేడం. సర్కారు దవాఖానల్లోనూ కాన్పు టైంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. దగ్గరి మనిషి తోడుంటే మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని, నొప్పులు పడే సమయం కూడా కొంత తగ్గుతుందని మేడం చెప్పారు.

అమ్మ ఆ పాత చీరల్ని బిడ్డ గుడ్డలకు చించుతూ మా మాటలు వింటోంది. చేతిలో పని ఆపకుండానే చెప్పింది. నేను పుట్టినప్పుడు లోపలికి ఎవర్నీ రానివ్వలేదట. తలుపు మూసేశారు. తలుపు కింద సందులోంచి మా అమ్మమ్మ కాళ్లు కనబడుతున్నాయట. "నొప్పొచ్చినప్పుడల్లా ఆ కాళ్లనే సూసేదాన్ని. అవి జర అటు జరిగితే పానం పోయినట్లుండేది. ఆ కాళ్లు సూసుకుంటనే కన్న నిన్ను" అంది. ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఆయన పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత 'లోపల తోడు' అన్నచోట అమ్మ పేరు రాసి ఆమెకు చూపించాడు. "నిజంగ రానిస్తరా నన్ను?" అని అడిగింది, ఒకసారి కాదు.

ఎప్పుడు బయల్దేరాలన్నది ఆయన బాధ్యత. నొప్పులు అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు ఆగకుండా వస్తే బండెక్కాలి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకున్నా సరే వెళ్లాలి. ఆ నీరు ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనబడ్డా, బిడ్డ కదలడం తగ్గినా, కళ్లు మసకబారి విపరీతమైన తలనొప్పి వచ్చినా ఇక ఆలోచించేది లేదు. పక్కింటి అన్న కారు ఉంది, ఆ అన్న ఊళ్లో లేకపోతే 108. నెల నెలా చెకప్‌లకు తీసుకెళ్లే 102 బండి నంబరు ఆశా అక్క ముందే ఇచ్చింది, అదీ రాశాం.

ఇక అత్తమ్మ సంగతి. డెలివరీ డేట్ ఇచ్చిన వారంలో అమావాస్య పడుతోంది. అయ్యగారిని అడిగి అంతకు ముందు రెండు మంచి రోజులు, గడియలతో సహా రాయించుకొచ్చింది. ఎట్లాగూ ఆపరేషన్లే చేస్తున్నారు కదా, అదేదో మంచి ఘడియలో చేయించుకుంటే ఏం పోయింది అని ఆమె మాట. అందులో తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. ఆమె చుట్టూ చూసింది అదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో అయితే 81 దాటింది, సర్కారు దవాఖానల్లో 44. దేశం మొత్తమ్మీద చూస్తే 21 మాత్రమే. మన ఆడవాళ్ల ఒళ్లు మిగతా దేశం ఆడవాళ్ల కంటే వేరుగా ఏం లేదు కదా.

ఆపరేషన్ అంటే నాకు భయం లేదు, వద్దని పంతమూ లేదు. బిడ్డ గుండె చప్పుడు తగ్గినా, బిడ్డ అడ్డం తిరిగినా, నాకు బీపీ పెరిగినా క్షణం ఆలస్యం చేయొద్దనే రాశాను. సంతకం పెట్టాల్సి వస్తే ఆయన ఎవరినీ అడగకుండా పెట్టేయాలి. నేను వద్దన్నది ముహూర్తానికి కోయడాన్ని. కారణం లేకుండా 39 వారాల లోపు తీస్తే బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా సరిగ్గా సిద్ధంగా ఉండకపోవచ్చు. ఊపిరాడక అద్దాల పెట్టెలో పెట్టాల్సి వస్తే ఆ మంచి ఘడియను ఏం చేసుకోను? ఇదే మాట మా ఆయన అత్తమ్మకు నెమ్మదిగా చెప్పాడు. నేను చెబితే వేరేలా వినబడేది. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ముభావంగానే ఉంది.

బిడ్డ పుట్టాక చేయాల్సినవి ఎక్కువ వాదన లేకుండా అయిపోయాయి. ఏడ్చి బాగానే ఉంటే బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోయాలి. తుడిచి నా గుండెల మీద పడుకోబెట్టాలి. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. ఆపరేషన్ అయితే నన్ను తెచ్చేదాకా ఆయన చొక్కా విప్పి గుండెకు హత్తుకోవాలి. ఇది చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. లోపలికి రానివ్వని మనిషికి ఏదో ఒక పని దొరికినట్టయింది. తేనె నాకించే మాట దగ్గర మాత్రం అమ్మా అత్తమ్మా ఒక్కటయ్యారు, అందరికీ నాకించాం కదా అని. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు, అందులో ఉండే ఒక రకం క్రిమి పసిపేగుల్లో విషం తయారు చేయగలదు అని చెప్పాను. చక్కెర నీళ్లు కూడా వద్దన్నాను. అమ్మ విన్నది. అత్తమ్మ సంగతి చెప్పలేను. ఆ మొదటి గంట ఎవరెవరు దగ్గరుంటారో చూసుకోవాలి.

సాయంత్రం అత్తమ్మ తానే వచ్చి మంచం మీద కూర్చుంది. "నాదో మాట రాస్తవా?" అంది. ఏం రాయమంటుందోనని మా ఆయన నా వంక చూశాడు. మా ఆడబిడ్డకు రెండోసారీ కూతురే పుట్టినప్పుడు, ఒక ఆస్పత్రిలో, బయటికొచ్చిన ఆయా "మల్ల ఆడపిల్లేనమ్మా" అని నోరు చప్పరించిందట. ఆ మాట లోపలున్న తల్లికి వినబడింది. ఇంటికొచ్చాక కూడా ఆ పిల్ల చాలా రోజులు బిడ్డ ముఖం చూడకుండా పాలిచ్చిందట. "ఆడపిల్లయితే ఎవ్వరు గట్ల అనొద్దని రాయి. లోపటోళ్లయినా, బయటోళ్లయినా" అంది అత్తమ్మ.

దేవరకొండ వైపు ఆడపిల్లల్ని అమ్ముకున్న వార్తలు వింటూ పెరిగినదాన్ని నేను. ఆ మాట నా కాగితంలో ఎందుకు లేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు. అన్నిటికంటే పైన రాశాం. అత్తమ్మ చూపు సరిగా ఆనకపోయినా కాగితం దగ్గరికి తీసుకుని ఆ వరుస మీద వేలు పెట్టి చూసింది. అమావాస్య మాట ఆమె మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొత్తం కలిపి ఒక పేజీకి కుదించాం. మూడు పేజీలుంటే డ్యూటీలో ఉన్న సిస్టర్ చదవదు, ఆమె పని ఒత్తిడి ఆమెది. రెండు కాపీలు తీయించాలి. ఒకటి చెకప్ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, ఆధార్ కార్డులతో పాటు సంచిలోకి, ఒకటి ఆయన పర్సులోకి.

గురువారం చెకప్ ఉంది. కాగితం మేడం చేతికిచ్చి కుదరనివి ఏమున్నాయో అక్కడే కొట్టేయించుకోవాలి. నొప్పులప్పుడు మంచం దిగి నడవనిస్తారా, నీళ్లు తాగనిస్తారా, అవసరం లేకపోయినా కోత పెట్టి కుట్లు వేస్తారా అని అడగాలి. యాంటీ-డి ఆస్పత్రిలోనే ఉంటుందా, మనమే తెచ్చుకోవాలా అన్నది ముఖ్యం. రాత్రి డ్యూటీలో ఎవరుంటారో కూడా. అమ్మను వెంట తీసుకెళ్తాను, లోపలికి రానిస్తామన్న మాట ఆమె మేడం నోటితోనే వినాలి.