సెన్సర్ అంచు లేచింది

చొక్కా విప్పుతుంటే చేతి వెనక చురుక్కుమంది. తడిమి చూస్తే, ఒంట్లో షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోన్‌కి పంపే నా సెన్సర్ పట్టీ ఒక పక్క లేచి, దానికి నూలుపోగు అంటుకుని ఉంది. గుండె జారింది. వెంటనే ఫోన్ చూశాను. షుగర్ 118, బాణం అడ్డంగా, అంటే నిలకడగానే ఉంది. హమ్మయ్య, లోపలి తీగ కదల్లేదు.

వెంట్రుకంత సన్నటి ఆ తీగ చర్మం కింద ఉన్నంతవరకే ఈ అంకెలు. అది బయటికొచ్చేస్తే మళ్లీ లోపలికి గుచ్చడానికి ఉండదు, కొత్త సెన్సర్ పెట్టుకోవాల్సిందే. అందుకే లేచిన పట్టీని పీకలేదు. ఆ అంచు వరకే జాగ్రత్తగా కత్తిరించి, చుట్టూ చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిచి, బాగా ఆరాక మధ్యలో రంధ్రం ఉన్న ప్యాచ్ పైన వేశాను. ఆరనివ్వడమే అసలు పని. తడి మీద జిగురు నిలవదు, నూనె, లోషన్ రాసిన చర్మం మీద అసలే నిలవదు. ప్యాచ్ మూలలు గుండ్రంగా ఉంటే బట్టలకు అంతగా తగులుకోవు కూడా.

రాత్రి షుగర్ పడిపోతే నన్ను నిద్రలేపేది ఇదే. ఇంట్లోవాళ్లు కాస్త నిశ్చింతగా పడుకుంటున్నారన్నా దీన్ని నమ్ముకునే. ఊడిపోతుందేమోనన్న టెన్షన్ ఊరికే రాదు మరి.

చెమట ఎక్కువ పట్టేవాళ్లు ఏ ప్యాచ్ వాడుతున్నారు? దురద రానిది ఉంటే చెప్పండి.