మా ఇంట్లో స్టీల్ ప్లాంట్ వాదన

ఎదుటివాళ్లకి అసలు విషయం తెలియక అలా మాట్లాడుతున్నారు, తెలిస్తే మన దారికొస్తారు. రాజకీయాల దగ్గర మాటా మాటా పెరిగినప్పుడల్లా మనం లోలోపల అనుకునేది ఇదే. నాకు ఆ నమ్మకం ఎప్పుడో పోయింది. మా ఇంట్లో స్టీల్ ప్లాంట్ సంగతి తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. అయినా దాని గురించి ఏ ఇద్దరికీ పొసగదు.

నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్‌లో బొగ్గుని కోక్‌గా మార్చే విభాగం, కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో జనం రోడ్లెక్కినప్పుడు ఆయన హైస్కూల్లో ఉన్నారు. ఆ ఉద్యమంలో 32 మంది పోయారని చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన గొంతు మారుతుంది. మావయ్య వాళ్ల ఊరు అదే ప్లాంటు కింద పోయింది. భూములు పోయినవాళ్లకి ఉద్యోగాలిస్తామని ఆర్ కార్డులిచ్చారు కదా, మావయ్య కార్డు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా బీరువాలో ఉంది. ఉద్యోగం మాత్రం రాలేదు. తమ్ముడిది మధురవాడలో ఐటీ ఉద్యోగం. నష్టాలొచ్చే కంపెనీని జనం పన్నులతో ఎన్నాళ్లు మోయాలన్నది వాడి ప్రశ్న.

2021 జనవరి 27న ప్లాంటులో ప్రభుత్వానికున్న నూరు శాతం వాటాల అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచీ మా ఇంట్లో పండగలన్నీ ఈ గొడవతోనే గడుస్తున్నాయి. 2025 సంక్రాంతికి వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే ప్లాంటుకి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇస్తోందన్న వార్త వచ్చింది. "హమ్మయ్య, ప్లాంటు నిలబడింది" అన్నారు నాన్న. "ఇదీ అప్పులకే పోతుంది చూడండి" అన్నాడు తమ్ముడు. మావయ్య టీవీ వైపు చూడనే లేదు. "ఎన్ని వేల కోట్లొస్తే మాకేటి? మా కార్డుల గురించి ఏటైనా అన్నాడా అందులో?" అని లేచి వెళ్లిపోయారు. అందరూ విన్నది ఒకే వార్త.

1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య వాళ్ల పద్ధతి ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటి జరిగింది. ఒకవైపు ఆటగాడికి ముక్కు విరిగింది, ఇంకోవైపు ఆటగాడికి కాలు విరిగింది. హాస్టార్ఫ్, క్యాంట్రిల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఆ ఆట ఫిల్మ్‌ని రెండు చోట్లా విద్యార్థులకి చూపించి, ఎవరెన్ని తప్పులు చేశారో రాయమన్నారు. డార్ట్‌మత్ జట్టు తప్పులు సొంత విద్యార్థులకి ఎన్ని కనిపించాయో, ప్రిన్స్‌టన్ వాళ్లకి అంతకు రెట్టింపు కంటే ఎక్కువ కనిపించాయి. వాళ్లెవరూ అబద్ధమాడలేదు. చూసేటప్పుడే అలా కనిపించింది. ఇది చదివిన రోజు నాకు మా హాల్లోని సోఫాలు గుర్తొచ్చాయి.

"ప్లాంటు నష్టాల్లో ఉంది" అని తమ్ముడు అంటే, "నువ్వు బతుకంతా చేసిన పని దండగ" అన్నట్టు నాన్నకి వినిపిస్తుంది. "ప్లాంటు మనందరిదీ" అని నాన్న అంటే, "మీ ఊరు పోతే పోయింది" అన్నట్టు మావయ్యకి వినిపిస్తుంది. ఇక బ్యాలెన్స్ షీట్ తీసి ముందు పెడితే ఏం లాభం? ప్లాంటుకి సొంత ఇనుప ఖనిజం గనులు లేకపోవడం గురించి ఎంత చెప్పినా ఎవరికి కావాల్సిన ముక్క వాళ్లు ఏరుకుంటారు. నేను ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను. లెక్కలంటే నాకు గౌరవం. కానీ పరువు అడ్డొచ్చిన చోట లెక్క నిలబడదు.

దీన్ని ఇంకా ముదరబెట్టింది మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు. 1955లో డాయిచ్, జెరార్డ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటుంది. గీతల పొడవు గురించి తమ జవాబు ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టినవాళ్లు, తర్వాత పక్కవాళ్లు ఏం చెప్పినా పెద్దగా మారలేదు. ఏమీ రాయనివాళ్లు ఎక్కువగా మారారు. వట్టి గీతల దగ్గరే ఇంత పట్టుదల. ముప్పై మంది చుట్టాలున్న గ్రూపులో మెసేజ్ పెట్టడమంటే సంతకం పెట్టడమే కదా! ఆ తర్వాత మాట మారిస్తే అత్తగారింటి వాళ్ల దగ్గర్నుంచి అందరూ స్క్రీన్‌షాట్ తీస్తారు. మనసు మార్చుకున్న మనిషిని మనవాళ్లు బతకనివ్వరు. నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే.

అందుకే నలుగురిలో అడగడం మానేశాను. ఒక ఆదివారం మావయ్యని స్కూటీ మీద అగనంపూడిలో దింపి, వాళ్ల అరుగు మీద టీ తాగుతూ అడిగాను. ఏది మంచిదని అడగలేదు. "ప్లాంటు ప్రైవేటుకి పోతే నీ కార్డు సంగతి ఎలా తేలుతుంది మావయ్యా? ఎవర్ని అడుగుతావు?" అన్నాను. ఎందుకని అడిగితే మనిషి వాదన పేరుస్తాడు, ఎలా అని అడిగితే ఆలోచనలో పడతాడు. 2013లో అమెరికాలో ఫెర్న్‌బాక్, స్లోమన్ బృందం చేసిన అధ్యయనంలోనూ, ఒక విధానం ఎలా పనిచేస్తుందో వివరించమని అడిగాక జనం పట్టు కాస్త సడలింది.

మావయ్య గ్లాసు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ప్రైవేటోడు గేటు కాడే ఆపేస్తాడమ్మా. ఇప్పుడైతే కలెక్టరాఫీసుకైనా ఎల్లి అడుగుతన్నాం" అన్నారు. ఆ పైన వాళ్ల జీడితోట గురించి, నుయ్యి గురించి, అప్పట్లో సర్వే వాళ్లు పాతిన రాళ్ల గురించి చీకటి పడేదాకా చెప్పారు. ప్లాంటు గవర్నమెంటు చేతిలోనే ఉండాలన్నది నాన్న మాట, మావయ్య మాట కూడా. కారణాలే వేరు. ఇన్నేళ్లుగా మా హాల్లో ఆ మాట పైకి రాలేదు. "మీ నాన్నకి చెప్పకు. మళ్లీ నేనేదో దిగొచ్చేనని అనుకుంటాడు" అన్నారు చివర్లో.

చెప్పలేదు. నాన్ననే వేరేగా అడిగాను, మీ రోజుల్లో ఆర్ కార్డు వాళ్లని ఉద్యోగాల్లోకి ఎలా తీసుకునేవారని. చెప్పడం మొదలుపెట్టారు కూడా. ఇంతలో తమ్ముడు గదిలోంచి వచ్చి, "ఆ ఓవర్ స్టాఫింగ్ వల్లే కదా" అన్నాడు. నాన్న పేపర్ ముఖానికి అడ్డం పెట్టేసుకున్నారు. వాడు నైట్ షిఫ్ట్‌కి వెళ్లిన రోజు చూసి మళ్లీ అడగాలి.