జ్వరం తగ్గాక వచ్చింది అసలు గండం

ఆయన హోటల్ ఉద్యోగం వల్ల జమైకాలోని ఫాల్మత్‌లో ఉంటున్నాం. 1769లో వెలసిన రేవు. పంచదార, రమ్ము ఓడలకెక్కించిన ఊరు, బానిసల చెమటతో బలిసిన ఊరు. న్యూయార్క్ కంటే ముందే మాకు పైపుల్లో నీళ్ళొచ్చాయని వాటర్ స్క్వేర్‌లో ఎవర్ని కదిపినా చెబుతారు. మా వీధిలో మాత్రం కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ప్రతి పెరట్లోనూ డ్రమ్ములు, వాటినిండా దోమపిల్లలు. 2023లో దేశమంతా డెంగ్యూ పాకినప్పుడు నన్నూ వదల్లేదు.

క్లినిక్‌లో డాక్టరుకి చెప్పాను, కాకినాడలో చదువుకునేటప్పుడు ఒకసారి డెంగ్యూ వచ్చిందని. నవ్వాడు. "ఇండియా వాళ్ళకి ఇది అలవాటేగా, జ్వరం దిగితే అయిపోయినట్టే" అన్నాడు. వేరే రకం వైరస్‌తో రెండోసారి వస్తేనే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఎక్కువని అంత చదివినవాడికి తెలియదా?

జ్వరం నిజంగానే దిగింది. ఆ రాత్రే కడుపులో నొప్పి, ఆగకుండా వాంతులు. నోరు పుక్కిలిస్తే సింకులో ఎర్రగా పడింది. కాళ్ళు చల్లబడిపోయాయి. ఆయనకి నైట్ డ్యూటీ, ఫోను ఎత్తలేదు. పగలంతా క్రూయిజ్ ఓడల జనంతో గోలగా ఉండే ఊరు, ఆ ఓడలు కదిలాక కుక్క అరుపు తప్ప ఏమీ వినపడదు. గోడ మీద దబదబా బాదాను.

పక్క వాటాలో ఉండే ఓనరమ్మ నైట్‌గౌను మీదే పరుగెత్తుకొచ్చింది. అంతకు ముందురోజే సెరసీ కషాయం బలవంతాన తాగించింది. సెరసీ అంటే మన కాకర తీగే, ఆ చేదు ఇంకా నాలుక మీదుంది. టాక్సీ నడిపే కొడుకుని నిద్రలేపి, నన్ను ఆసుపత్రిలో పడేయించింది. తర్వాతంతా సెలైన్, రక్తపరీక్షలు. తెల్లవార్లూ బీపీ చూస్తూ నిలబడ్డ నర్సు మొహం మాత్రం గుర్తుంది.

డెంగ్యూలో జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే అప్రమత్తంగా ఉండాలమ్మా. కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళలో రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. నొప్పులకి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు.

అమ్మ అన్నవరం మొక్కుకుంది. ఓనరమ్మ తన బాప్టిస్టు చర్చిలో నా కోసం ప్రార్థన చేయించింది. ఏది పనిచేసిందో నాకెందుకు, అన్నవరం వెళ్తాను, చర్చికీ వెళ్తాను. ఆ క్లినిక్ ముందు నుంచి వెళ్ళాల్సొస్తే మాత్రం ఇప్పటికీ రోడ్డు దాటి అవతలివైపు నడుస్తున్నాను.